రెండు–నాలుగా, రెండు–ఆరా?

చెల్లే,

నిన్న రాత్రి ఫోన్ల ఒక్క ముచ్చట అడిగి ఊకున్నవ్. "అక్కా, ఇంట్ల చీరల బిజినెస్ పెట్టి ఆర్నెల్లాయె. బేరాలు మంచిగనే అయితున్నయ్. కానీ ఇంట్లోళ్ల మొఖాలు చూస్తె నేనేదో దొంగతనం చేస్తున్నట్టే అనిపిస్తది. నీకు ఇన్నేండ్ల సంది ఎట్ల నడుస్తున్నది?" అన్నవ్. అంతల మీ కుక్కర్ సీటీ కొట్టింది, నువ్వు పెట్టేసినవ్. నాకు మాత్రం నిద్ర రాలే. గాజుల పని పట్టుకున్న కొత్తల నేను కూడ రోజూ ఇదే మాట నన్ను నేను అడుక్కునేదాన్ని. అందుకే తీరుబాటుగ రాస్తున్న. చాయ్ పెట్టుకొని కూసో.

మా గల్లీ నీకు ఎర్కే. లాల్‌దర్వాజ అమ్మవారి గుడి దాటి రెండు సందులు లోపలికొస్తె మా ఇల్లు, ఎదురుంగ గాజులకు రాళ్లు అద్దే ఆపా ఇల్లు. శాలిబండ మీదికెళ్లి నడిస్తె చార్మినార్, అక్కడ పడమటి దిక్కు తిరిగితె లాడ్ బజార్. ఆ బజార్ల మెరిసే లక్కగాజులు దుకాణాల్లనే తయారైతయనుకుంటరు చూసేటోళ్లు. అవి తయారయ్యేది మా అసొంటి గల్లీలల్ల. కార్ఖానల మొగోళ్లు బొగ్గుల సిగ్డి ముంగట కూసొని లక్కను కాగవెడ్తరు. పొడి, రంగు కలిపి పిసికి, పలక మీద పొడుగు కడ్డీ లెక్క దొర్లిచ్చి, కొలతకు కోసి గుండ్రంగ వంచి అతికిస్తరు. ఆ వట్టి గాజు అటెన్క ఇండ్లకొస్తది. రాళ్లు అద్దే పని ఆడోళ్లది.

ఆపా పని చేస్తుంటె ఒక్కసారి దగ్గర కూసొని చూడాలె నువ్వు. కాలకుండ ఎడమ బొటనవేలుకు పాతగుడ్డ పీలిక చుట్టుకుంటది. గాజును సెగకు చూపిస్తది. మెత్తవడ్డదని ఆమె వేలుకే తెలుస్తది, కంటికి కాదు. ఇగ చిమ్టాతోని ఒక్కొక్క రాయి తీసి అద్దుకుంట పోతది. ఆ మెత్తదనం ఉండేది కొన్ని క్షణాలే. అండ్ల నాలుగైదు రాళ్లు పడాలె. ఆలస్యమైతె లక్క బిగుసుకుంటది, రాయి పట్టదు. తొందరల ఎక్కువ కాగవెడ్తె రాయి లోపలికి మునుగుతది. సరిగ్గ గప్పుడే మనుమరాలు ఏడుస్తది, లేకుంటె తలుపు కాడ పాలాయన పిలుస్తడు. ఆపా గాజు కింద పెట్టి లేస్తది. మల్లొచ్చి మల్ల కాగవెడ్తది. లేచినన్ని సార్లు బొగ్గు కాలుతది, కండ్లు గుంజుతయ్, చేతులు కాలుతయ్. ఆమెకు పైసలొచ్చేది మాత్రం జోడ లెక్కన. ఎన్నిసార్లు లేచిందో ఎవ్వలూ లెక్కవెట్టరు.

నా దృష్టిల ఇంట్ల కూసొని బిజినెస్ చేసే ఆడోళ్ల కష్టమంతా గా లేచుట్ల ఉన్నది, చెల్లే. పనికి ఎంత సమయం, ఇంటికి ఎంత సమయం అని అందరు తక్కెడ పట్టుకొని తూకమేస్తరు. నేను కూడ శాన యేండ్లు అదే తూకం వేసిన. నాకు దొరికిన గంటలు తక్కువేం కాదు. కానీ ఒక్క గంట కూడ సాంతం నాది కాదు.

దెబ్బ తగిలినంకనే తెలిసింది నాకు. పని పట్టుకొని నాలుగో యేడు. కరీంనగర్ దిక్కు ఒక పెండ్లింటోళ్లు ఇరవై నాలుగు జోడలు చెప్పిన్రు. ఫోనొచ్చింది పొద్దుగాల ఎనిమిదింటికి. పెనం మీద దోశ, బూట్లు దొరకలేదని కొడుకు ఏడుపు, అత్తమ్మకు గోలీ ఇయ్యాలె. దొరికిన గ్యాస్ బిల్లు ఎనక కొలతలు రాసిన. పెండ్లిపిల్లకు రెండు–ఆరు, మేనత్తలకు రెండు–నాలుగు అని వాళ్లు చెప్తె నేను తారుమారు రాసిన.

గాజుల కొలత నీకు ఎర్కనో లేదో. రెండు–నాలుగు అంటె రెండుంబావు అంగుళాల గాజు. అంగుళాన్ని పదహారు పాళ్లు చేసి అండ్ల నాలుగు తీసుకున్నట్టు. రెండు–ఆరు అంటె ఇంకో రెండు పాళ్లు ఎక్కువ. అంటె తేడా అంగుళంల ఎనిమిదో వంతు. కానీ లక్కగాజు సాగదు. పెండ్లి ముందట రోజు పొద్దుమూకి డబ్బా ఇప్పిన్రట. పిల్ల చెయ్యి దూరలే. సబ్బు నీళ్లు పెట్టి ఎక్కియ్యబోతె రెండు గాజులు పలిగినయట. పెండ్లిపిల్ల చేతుల గాజు పలుగుడంటె ఎట్లుంటదో నేను చెప్పాల్నా?

ఆ రాత్రి కార్ఖానోళ్ల కాళ్లావేళ్లా పడి సిగ్డి ముట్టిపిచ్చిన. ఆపా, ఆమె కోడలు, నేను తెల్లారేదాంక రాళ్లు అద్దినం. మీ బావ జూబ్లీ బస్‌స్టాండ్ల తొలి బస్సెక్కి డబ్బా తీస్కపోయిండు. ముహూర్తానికి గాజులు అందినయ్. పైసలు అడగనీకి నాకు మొఖం చెల్లలే. ఇంటికొచ్చినంక మీ బావ మెల్లగ అన్నడు, "ఇంట్ల ఉండి చేసే పనికి గింత ఆగమేంది?" అని. ఆయన మనసుల చెడు లేదు. నిజంగనే అర్థం కాలే ఆయనకు. ఇంట్ల ఉండి చేసుడు వల్లనే ఆగమైంది. దుకాణంల కూసున్నోని ముంగట దోశ పెనం ఉండదు కదా.

తెల్లారి నేను చేసిన మొదటి పని ఏందంటె, అర్రల కిటికీ పక్కకు ఒక టేబులు ఏసిన. అది గాజులది. దాని మీద కూరగాయల సంచి పెట్టొద్దు, పిల్లల పుస్తకాలు పెట్టొద్దు, ఇస్త్రీ బట్టలు పెట్టొద్దు. ఒక పొడుగు నోటుబుక్కు దారంతోని టేబులుకే కట్టిన. ఆర్డరు ఎవ్వలు చెప్పినా ఆ బుక్కు ముంగట కూసొని రాసుకున్నంకనే "సరే" అంట. పెనం కాడ ఉన్నప్పుడు ఫోనొస్తె, "పదింటికి నేనే చేస్త" అని పెట్టేస్త. పది నుంచి ఒంటిగంట దాంక ఆ టేబులు కాడికెళ్లి నేను లేవ. తలుపు కొడ్తె ఇంకెవలన్న తియ్యాలె.

అత్తమ్మకు ఇది శాన కష్టమైంది. "కోడలు కుర్చీల కూసుంటె ముసలిది తలుపు తీసుడా" అని మేనకోడలు కాడ ఏడ్సింది. నాకు ఇప్పటికీ ఆ మాట యాదికొస్తె మనసు కలుక్కుమంటది. నేను ఆమెను ఏమీ అనలే. ఒకనాడు పక్కకు కూసోవెట్టుకొని బుక్కు చూపిచ్చిన. ఆమెకు చదువు రాదు, అంకెలు వస్తయ్. ఈ నెల గోలీలకు ఇంత, నీ కంటి ఆపరేషన్‌కు తీసివెట్టింది ఇంత అని వేలువెట్టి చూపిచ్చిన. అంతకుముందు ఆ పైసలు మీ బావ జీతంల కలిసి ఖర్చయిపోయేటివి, ఏది ఎవ్వలదో తెల్వకుండ. ఇంట్లోళ్లకు మన పని కనవడాలంటె మన పైసలు ముందు కనవడాలె. పోస్టాఫీసుల నా పేరు మీద ఖాతా తెరిచింది ఆ నెలనే. నువ్వు ఇయ్యాలనే తెరువు. చీరల పైసలు మరిది ఖాతాల పడనీకు. మరిది మంచోడే, కానీ కలిసిపోయిన పైసలకు గుర్తుండదు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కూడ చేసుకో, 2020ల మొదలైంది, ఆన్‌లైన్‌ల చేసుకుంటె పైస ఖర్చు లేదు. రేపు లోనుకు పోతె "ఇంట్ల ఉంటది" అని కాకుండ "బిజినెస్ చేస్తది" అని నీ పేరు మీద ఒక కాయితం ఉంటది.

ఇంట్ల ఉండి చేసేది పనే కాదన్నట్టు చూసుడు మన ఇండ్ల కాడనే కాదు, దునియంతా ఉన్నది. అహ్మదాబాద్‌ల 1972ల 'సేవా' సంఘం పెట్టిన ఇలా భట్ యేండ్లకేండ్లు దీని మీద కొట్లాడింది. 1996ల అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటికాడ పని చేసేటోళ్ల కోసం 177వ నంబరు ఒడంబడిక చేసింది. కార్ఖాన కార్మికుల లెక్కనే ఇంట్ల చేసేటోళ్లను చూడాలని దాని సారం. మన దేశం దాన్ని ఇంకా ఖాయం చేయలే. చేసేటోళ్లకు రాని గుర్తింపు గాజులకైతె వచ్చింది, 2024 మార్చిల హైదరాబాద్ లక్కగాజులకు జీఐ (భౌగోళిక గుర్తింపు) దొరికింది. ఆ వార్త ఆపాకు చదివి వినిపిచ్చిన. ఆమె సంబురపడ్డది, పాన్‌డాన్ మూత తీసి నాకొక పాన్ కట్టిచ్చింది. అటెన్క, "అయితె జోడకు ఎంత పెంచుతరంట?" అని అడిగింది. నా కాడ జవాబు లేకుండె. ఆ దినం నుంచి నా ఆర్డర్ల మట్టుకు ఆపాకిచ్చే రేటు నేనే పెంచిన. కొనేటోళ్లకు ఆ ముక్క ఇడమరిచి చెప్త. ఒకరిద్దరు బేరమాడి పోయిన్రు, పోనీ.

ఇగ నువ్వు అసలు అడగాలనుకొని అడగని ముచ్చటకొస్త. సూరత్‌కు పోయి చీరలు తేవాలె, రెండు రాత్రులు ఇల్లు ఇడిశిపెట్టాలె అని రెండుసార్లు అన్నవ్, రెండుసార్లూ మాట మింగినవ్. నా మొదటి దూరం ప్రయాణం ఢిల్లీకి. చేతిపనోళ్లకు సర్కారు ఇచ్చే పెహచాన్ కార్డు ఉంటె అక్కడి దిల్లీ హాట్‌ల పదిహేను దినాలకు స్టాలు దొరుకుతది. నాకు నవంబర్‌ల వచ్చింది. నాంపల్లిల పొద్దుగాల తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కిన. గాజుల డబ్బాలల్ల జోడకు జోడకు నడుమ దూది పెట్టి, బట్టల సంచుల నడుమ ఇరికిచ్చిన. లక్క ఎండకు మెత్తవడ్తది, చలికి పెళుసయితది, పసిపిల్ల లెక్క మొయ్యాలె. నాగపూర్ దాటేదాంక కిటికీ దిక్కు మొఖం పెట్టి ఏడ్సిన.

ఐదో దినం అత్తమ్మ ఫోన్ చేసింది. బిడ్డ పెద్దమనిషైందని.

ఎట్ల చెప్పాలె నీకు. ఆడపిల్లకు ఆ దినం తల్లి పక్కకు ఉండాలె. నేను పదహారు వందల కిలోమీటర్ల దూరంల, ఎవ్వలో తెల్వనామె చేతికి రెండు–ఎనిమిది గాజు తొడుగుకుంట ఉన్న. బిడ్డకు ఫోన్ చేసి మాట రాక ఒక్కతీరుగ ఏడ్సిన. పక్క స్టాల్ల కొండపల్లి బొమ్మలు అమ్మే ఆమె నా చేతులకెల్లి ఫోన్ తీసుకొని, "నీ సరుకు నేను అమ్మి పెడతాను, నువ్వు రాత్రి బండికి వెళ్లమ్మా" అన్నది. అంతకుముందు ఐదు దినాలే మా పరిచయం. ఆఖరి దినం దాంక అమ్మి, ఒక్క రూపాయి తేడా లేకుండ లెక్క రాసి పంపింది. ఆ కాయితం ఇంకా దాచుకున్న.

ఇంటికొచ్చేసరికి అన్నీ అయినయ్. అత్తమ్మ చిమ్మిలి దంచింది. ఆపా బిడ్డ చేతులకు చిన్న రెండు–రెండు జోడ, ఆకుపచ్చ రంగుది, తనే చేసి తొడిగింది. బిడ్డ నన్ను పట్టుకొని ఏడుస్తదనుకున్న. ఏడ్వలే. రెండు దినాలైనంక చెప్పింది, "అమ్మా, నువ్వు లేవని నాకు భయం కాలే. నానమ్మ ఉన్నది, ఆపా ఉన్నది. నువ్వు ఫోన్ల ఏడ్సినవ్ సూడు, గప్పుడు భయమైంది. ఏదో చెడ్డ పని జరిగిందనుకున్న" అని.

మీ అత్త, మరిది చూపులు నీకు దొంగతనం చేస్తున్నట్టు ఎందుకు కనిపిస్తున్నయో నాకు తెల్వదు, నేనక్కడ లేను. కానీ నా ఇంట్ల మాత్రం నా మొఖంల ఉన్న తప్పే వాళ్ల మొఖాలల్ల కనవడ్డది. నేను దొంగ లెక్క బయటికి పోతె వాళ్లు దొంగను చూసినట్టే చూసిన్రు. అప్పటి సంది ఊరికి పోయేటప్పుడు తారీకులు, రైలు నంబరు గోడ క్యాలెండర్ మీద ఎర్రగ రాసి అందరికీ చెప్పి పోత. పొద్దున ఒక్కసారి, రాత్రి తొమ్మిదింటికి ఒక్కసారి ఫోన్ చేస్త. నడుమ ఉప్పు డబ్బా యాడున్నదని అడిగితె చెప్ప. వెతుక్కుంటె దొరుకుతది. మీ బావ ఇప్పుడు పచ్చిపులుసు నాకంటె మంచిగ చేస్తడు.

అట్లని అన్నీ దక్కినయనుకోకు. బిడ్డ ఆ దినం మల్ల రాదు. నా అక్కచెల్లెండ్ల పెండ్లిళ్లకు నేను గాజులు పంపిన గాని మూడింటికి పోలే. అవి అన్నీ పెండ్లిండ్ల సీజన్లనే వచ్చినయ్, నా పని కూడ అప్పుడే. దీనికి నా కాడ ఉపాయం లేదు, బాధ మాత్రం ఉన్నది.

పండుగల ముచ్చట చెప్త, నీకు పనికొస్తది. మా బస్తీల బేరానికి రెండు క్యాలెండర్లు. రంజాన్ నెల రాత్రుళ్లు లాడ్ బజార్ సహర్ దాంక కండ్లు మూయదు. ఆ నెల ఆపా ఇంట్ల కూడ వంట, నమాజు, రాళ్లు అద్దుడు అన్నీ ఒక్కసారే. శ్రావణంల మన పెండ్లిండ్లు. రంజాన్ ఏటా పది పదకొండు దినాలు ముందుకు జరుగుతది. ఇప్పుడు జరుక్కుంట జరుక్కుంట నుమాయిష్ దిక్కు వస్తున్నది. 1938ల మొదలైన నుమాయిష్ జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాంక నాంపల్లిల ఉంటది కదా. రెండు కలిసిన యేడు నేనొక్కదాన్ని రెండు పడవల కాళ్లు పెట్ట. అందుకే మూడేండ్ల ముందటికే బుక్కుల రాసుకున్న, ఏ యేడు ఏది ఇడిశిపెట్టాలెనో. నువ్వు కూడ దసరా, సంక్రాంతి ఆర్డర్లు గిట్లనే ముందుగాల రాసుకో. లాల్‌దర్వాజ బోనాల వారం మాత్రం ఎవ్వలెంత ఇచ్చినా నేను ఆర్డరు తీసుకోను. నెత్తి మీద బోనం ఎత్తుకున్ననాడు నా చేతులకు వేరే పని ఉండొద్దు.

ఇంకొక్కటి. పైసల్ల కొంత ఏమీ చేయకుండ పక్కకు పెట్టు. 1990 డిసెంబర్‌ల ఇక్కడ కర్ఫ్యూ పడ్డప్పుడు నేను చిన్నదాన్ని. మా అమ్మ అప్పుడు జాకెట్లు కుట్టేది. కుట్టిన జాకెట్లు మూటల ఉన్నయ్, తీసుకునేటోళ్లు రాలేరు, పైసలు లేవు. కర్ఫ్యూ సడలిచ్చినప్పుడు అమ్మ పాల కోసం ఉరికేది. బియ్యం డబ్బా అడుగుకు పెట్టిన పండుగ పైసలతోని మేం తిన్నం. ఎదురింటికి కూడ అండ్లకెల్లే ఇచ్చింది. 2020ల లాక్‌డౌన్ల రంజాన్ నెల మొత్తం లాడ్ బజార్ చీకటిగుంటె, నా బుక్కుల ఒక్క ఆర్డరు లేకపోతె, నేను అమ్మ డబ్బానే యాది చేసుకున్న. ఆ యేడు ఆపాకు, కార్ఖాన పిల్లలకు నేను అంతో ఇంతో ఇయ్యగలిగిన. బిజినెస్‌ల లాభమంటె నా లెక్కల అది కూడ.

పక్కవెట్టుడు అంటె పైసలే కాదు. నిన్న పొద్దుమూకి నేను, ఆపా మెట్ల మీద కూసున్నం. బిడ్డ ఇంటర్ చదువుతున్నది, ఆ నోటుబుక్కు తీసి ఫోన్ల ఎక్కిస్తున్నది. "అమ్మా, ఆర్డరు చెప్పినోళ్ల పేర్లున్నయ్, చేసినోళ్ల పేరు ఎందుకు లేదు?" అని అడిగింది. పదహారేండ్ల బుక్కు, చెల్లే. నాకే తట్టలే. ఇప్పుడు ప్రతి జోడ పక్కకు ఇంకో గీత కొట్టింది. ఆపా ఐనకం తుడుచుకొని, ఉర్దూల తన పేరు తనే రాసింది. మెల్లగ, రాయి అద్దినట్టు. రాసి, "హౌ, ఠీక్ హై నా మా?" అని నా దిక్కు చూసింది.

ఆదివారం రా. సూరత్ ముచ్చట మాట్లాడుకుందం, నీ చేతికొలత కూడ తీసుకుంట. పోయినసారి ఇచ్చిన రెండు–నాలుగు నీకు బిగుతైందని మా వదిన చెప్పింది, నువ్వు చెప్పలే. మెట్రో మా దిక్కు ఇంకా రాలే, ఎంజీబీఎస్ దాంకనే. అక్కడ దిగి చార్మినార్ బస్సెక్కు. ఆడోళ్లకు టికెట్ పైసలు లేవు గాని ఆధార్ కార్డు మర్చిపోకు, పోయినసారి లెక్క.

మీ అక్క